మీ ఇంటికి ఎంత సోలార్ కావాలో లెక్క వేసుకోవడం ఎలా?

డాబా మీద ఎన్ని కిలోవాట్లు పెట్టించాలో తేలాలంటే ఇంట్లో వాడే కరెంటు, గ్యాస్, పెట్రోలు అన్నిటినీ రోజుకు ఇన్ని యూనిట్లు అన్న లెక్కలోకి తేవాలి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్.

ముందుగా కరెంటు. గత 12 నెలల బిల్లుల్లోని యూనిట్లు కూడి 365తో భాగించండి. ఒక్క మే బిల్లే చూస్తే ఏసీ వల్ల అంకె పెరిగిపోతుంది. ఏడాదికి 2,920 యూనిట్లు కాలితే రోజుకు 8.

తర్వాత చాలామంది వదిలేసే గ్యాస్, పెట్రోలు. వంట, బండి కూడా కరెంటుకు మార్చుకుంటే వీటి భారమూ సోలార్ మీదే పడుతుంది. 14.2 కిలోల సిలిండరులో సుమారు 180 యూనిట్ల శక్తి ఉంటుంది. 45 రోజులు వస్తే రోజుకు 4. పొయ్యి వేడిలో చాలా భాగం గిన్నె పక్కలనుంచి పోతుంది కాబట్టి, ఇండక్షన్ మీద అదే వంట 3 యూనిట్లలో అయిపోతుంది. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్లున్నా, బైకు దాంతో వెళ్లే 50 కిలోమీటర్లు ఎలక్ట్రిక్ స్కూటరుపై 2 యూనిట్లలో వెళ్లొచ్చు. రోజుకు 25 కిలోమీటర్లు తిరిగితే 1. అన్నీ కలిపి 12.

ఇక డాబా. తెలుగు రాష్ట్రాల్లో 1 కిలోవాట్ సోలార్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. దానికి నీడ పడని 100 చదరపు అడుగులు కావాలి. అంటే 12 యూనిట్లకు 3 కిలోవాట్లు, 300 చదరపు అడుగులు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్ర సబ్సిడీ రూ.78,000.

నీడ దగ్గరే లెక్క తప్పుతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు. ట్యాంకు, మెట్లగది నీడలు ఉత్తరానికి బాగా సాగుతాయి. ఆ నెలలో ఉదయం 9 నుంచి 3 దాకా నీడ ఎక్కడెక్కడ పడుతుందో చాక్‌పీసుతో గీసి, మిగిలిన చోటే కొలవండి. ప్యానెళ్లు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదానిపై పడ్డ నీడ వరుసంతటినీ దెబ్బతీయొచ్చు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.3–0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. అందుకే స్లాబుకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా బిగించాలి.

అపార్ట్‌మెంటు సంగతి వేరు. 20 ఫ్లాట్లకు 5,000 చదరపు అడుగుల టెర్రస్ ఉండి, అందులో సగమే పనికొస్తే 25 కిలోవాట్లు, రోజుకు 100 యూనిట్లు. ఫ్లాటుకు 5 మాత్రమే. అక్కడ ముందు వాడకం తగ్గించాలి. రోజుకు 12 గంటలు తిరిగే నాలుగు 75 వాట్ల ఫ్యాన్ల స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే రోజూ 2 యూనిట్లకు పైగా మిగులుతాయి.