మోటారు ప్రమాద కేసుల పరిశోధన – 3వ పాఠం: వైకల్య శాతానికి సరైన తీర్పు వెతకడం

కిందటి పాఠంలో ఎఫ్‌ఐఆర్, బండి రిజిస్ట్రేషను, బీమా వివరాలను ఆన్‌లైన్‌లో సరిచూడటం నేర్చుకున్నాం. దానికి ఒక్క మాట చేర్చాలి. తెలంగాణ బండ్ల వివరాలు చాలాకాలం కేంద్రం నడిపే వెబ్‌సైటు వాహన్‌లో కాకుండా రాష్ట్ర రవాణా శాఖ సొంత వెబ్‌సైటులో ఉండేవి. అందుకని వాహన్‌లో నంబరు దొరకనంత మాత్రాన ‘వివరాలు లేవు’ అని ఫైలులో రాయకండి. రెండో చోట కూడా చూడండి.

ఇప్పుడు గాయాల కేసులకు వద్దాం. న్యాయవాది కార్యాలయంలో పనిచేసే గుమాస్తా, జూనియర్, పారాలీగల్ ఎవరైనా సరే, నిజంగా పరిహారాన్ని పెంచగలిగేది ఇక్కడే. శాశ్వత వైకల్యం మిగిలిన కేసులో పెద్ద మొత్తమంతా ఒకే ప్రశ్న మీద నిలుస్తుంది: ఈ మనిషి సంపాదన శక్తి ఎంత పోయింది?

ఒక ఉదాహరణ అనుకుందాం. ముప్పై రెండేళ్ల దర్జీ, నెలకు 15,000 రూపాయల సంపాదన. లారీ తగిలి కుడి కాలు విరిగింది, ఎముక వంకరగా అతుక్కుంది. డాక్టరు ధ్రువపత్రంలో ‘కుడి కాలికి 40 శాతం వైకల్యం’ అని ఉంది. ఏడాది సంపాదన 1,80,000. స్వయం ఉపాధి, వయసు నలభై లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆ వయసుకు మల్టిప్లయర్ (ఏడాది సంపాదనను హెచ్చించే, వయసును బట్టి మారే సంఖ్య) 16, అంటే 40,32,000. ఇందులో 40 శాతం తీసుకుంటే 16,12,800 రూపాయలు, 20 శాతమే తీసుకుంటే 8,06,400. ఒక కుటుంబం బతుకు ఆ రెండు అంకెల మధ్య ఉంటుంది. ఏ అంకె సరైనదో తేల్చే తీర్పును మనం వెతకాలి.

మొదట తీర్పులు వెతికే వెబ్‌సైటు ఇండియన్ కానూన్ తెరవండి. ఉచితం, వేగం, పాత తీర్పులు కూడా దొరుకుతాయి. ‘యాక్సిడెంట్ కాంపెన్సేషన్’ లాంటి మాటలు కొడితే వేలల్లో వచ్చి పడతాయి, ఏదీ పనికిరాదు. న్యాయమూర్తులు తీర్పుల్లో వాడే మాటలే వాడాలి. ‘ఫంక్షనల్ డిజెబిలిటీ’ (పని చేయగల శక్తికి కలిగిన లోపం), ‘లాస్ ఆఫ్ ఎర్నింగ్ కెపాసిటీ’ (సంపాదన శక్తి నష్టం) అనే పదబంధాలను ఇంగ్లిష్ లిపిలో విడివిడిగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి, వాటి పక్కన ‘టైలర్’ అని చేర్చండి. వచ్చిన తీర్పుల్లో మళ్లీ మళ్లీ ప్రస్తావనకు వచ్చే పేరు ఒకటి కనిపిస్తుంది: రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్, సుప్రీంకోర్టు, (2011) 1 ఎస్‌సీసీ 343 (ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్టు తీర్పులను అచ్చువేసే ‘సుప్రీంకోర్ట్ కేసెస్’ సంపుటాలు).

ఈ తీర్పును సారాంశం చూసి వదిలేయకుండా పూర్తిగా చదవాలి. అక్కడ గాయపడినది జున్ను అమ్ముకునే వ్యక్తి. ధ్రువపత్రంలో ఎడమ కాలికి 45 శాతం వైకల్యం ఉంటే, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే న్యాయస్థానం) సంపాదన నష్టం కూడా 45 శాతమే అనుకుంది. అది కాలికి సంబంధించిన అంకె, ఒంటి మొత్తానికి కాదు అని సుప్రీంకోర్టు చెప్పి, సంపాదన నష్టాన్ని 20 శాతంగా లెక్కకట్టింది. బీమా కంపెనీ న్యాయవాది మీ ముందు చదివేది ఈ భాగమే. అదే తీర్పులో కొంచెం పైకి వెళితే, ఎడమ చేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూరు శాతం సంపాదన పోవచ్చని, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవవచ్చని ఉంది. అంటే శాతాన్ని తగ్గించిన తీర్పే, వృత్తిని బట్టి పెంచడానికి కూడా దారి చూపుతోంది. మన దర్జీ కాలితో తొక్కే మిషను మీద పనిచేస్తే 40 శాతం దగ్గరే ఎందుకు ఆగాలి? అతను ఏ మిషను వాడతాడు, రోజుకు ఎన్ని గంటలు కూర్చునేవాడు, ఇప్పుడు ఎంతసేపు కూర్చోగలడు అని అడిగి రాసుకోండి. తీర్పు దొరికినా ఈ వివరాలు సాక్ష్యంలోకి రాకపోతే వాదన నిలవదు.

తరువాత, ఇండియన్ కానూన్ నకలును కోర్టుకు ఇవ్వకండి. సుప్రీంకోర్టు తన అధికారిక తీర్పుల కోసం సొంతంగా, ఉచితంగా నడిపే వెబ్‌సైటు ఈ-ఎస్‌సీఆర్‌లో అదే తీర్పు తీసి పేరాలు సరిచూడండి. సుప్రీంకోర్టు కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలు కూడా పెడుతోంది. మీకు కావలసినది దొరికితే కక్షిదారుకు చదివి వినిపించండి, తన కేసు ఏమిటో ఆయనకు తెలియాలి. కోర్టులో మాత్రం చెల్లేది ఇంగ్లిష్ ప్రతే.

ఆ తీర్పు ఇప్పటికీ నిలిచి ఉందా అన్నది కూడా చూడాలి. దాన్ని ఉదహరించిన తరువాతి తీర్పుల జాబితా తెరిచి కొత్తవాటి నుంచి వెనక్కి చదవండి. అలా వెతికితేనే 2020 నాటి పప్పు దేవ్ యాదవ్ తీర్పు దొరుకుతుంది. శాశ్వత వైకల్యం కేసుల్లోనూ భవిష్యత్తు పెరుగుదల కలపాలని చెప్పిన తీర్పు అది. పైన మనం 40 శాతం కలిపింది దాని బలంతోనే.

హైకోర్టు తీర్పులు వెతికేటప్పుడు ఒక తేదీ గుర్తుంచుకోండి. 2019 జనవరి 1 నుంచి తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరు హైకోర్టులు. అంతకుముందువి హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు తీర్పులు. కాబట్టి ఒక్క కోర్టు పేరుతోనే వెతికితే సగం చేజారిపోతాయి.

చట్టం కోసం బీరువాలోని పాత పుస్తకం మీద ఆధారపడకండి. చట్టాల తాజా పాఠం ఉంచే ప్రభుత్వ వెబ్‌సైటు ఇండియా కోడ్‌లో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ తీసి, మూడో ఉపసెక్షన్ చదవండి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దావా వేయాలి. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు కాబట్టి తాజా ఉత్తర్వులు చూస్తూ ఉండండి. అయినా ఏదో ఒక ఉత్తర్వు కాపాడుతుందని గాయపడినవారిని ఆగమనవద్దు. గడువులోపే వేయించండి.

ఈ వారం అభ్యాసం: మీ కార్యాలయంలోని గాయాల ఫైలు ఒకటి తీసుకుని, న్యాయవాది అనుమతితో, ధ్రువపత్రంలోని శాతం ఏ అవయవానికి సంబంధించినదో రాయండి. అదే వృత్తి, అలాంటి గాయం ఉన్న హైకోర్టు తీర్పులు రెండు వెతకండి. ఒకటి శాతాన్ని పెంచినది, ఒకటి తగ్గించినది. తగ్గించినది ముందు చదవండి. ఆ కేసులో ఏ సాక్ష్యం లేకపోవడం వల్ల తగ్గిందో ఒక వాక్యంలో రాసి, ఆ సాక్ష్యం మీ ఫైలులో ఉందో లేదో చూడండి.