మందు మానాక ధ్యానం, 4వ పాఠం: తాగాలనిపించిన ఆ అరగంట

గత మూడు పాఠాల్లో ఊపిరి మీద మనసు నిలపడం, తల నుంచి పాదాల దాకా ఒంటిని గమనించడం, వచ్చిన ఆలోచనను రమ్మనకుండా పొమ్మనకుండా వదిలేయడం నేర్చుకున్నాం. అవన్నీ పొద్దున్నే, ఇంట్లో, ఎవరూ కదిలించని వేళ చేసిన సాధనలు. మందు మాత్రం సాయంత్రం ఏడింటికి పిలుస్తుంది. జీతం పడిన రోజున, ఇంట్లో మాటా మాటా అనుకున్నాక, పాత స్నేహితుడి ఫోన్ వచ్చాక పిలుస్తుంది. ఈ పాఠం ఆ వేళ కోసం.

అంతకంటే ముందు ఒక హెచ్చరిక. ఇంకా రోజూ తాగుతున్నవాళ్ళు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగిన ఒంటికి మందు హఠాత్తుగా ఆగిపోతే చేతుల వణుకుతో మొదలై, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనపడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, ఒళ్ళు కాలిపోవడం దాకా వెళ్ళవచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవాళ్ళదీ ఇదే పరిస్థితి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డాక హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటివాళ్ళు వరుసగా వచ్చారు. ఆ నాలుగైదు రోజులూ డాక్టరు చేతుల మీదుగానే దాటాలి. అక్కడ ధ్యానం పనిచేయదు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత డీఅడిక్షన్ హెల్ప్‌లైన్.

ఇక పాఠంలోకి వద్దాం. మన ఊళ్ళలో మందు మానడం అనగానే గుర్తొచ్చేది అయ్యప్ప మాల. ఏడాది పొడుగునా తాగే మనిషి, మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టడు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, సాయంత్రం భజన, చుట్టూ ‘స్వామీ’ అని పిలిచే నలుగురు. ఇంట్లోవాళ్ళు ఆ నెలన్నర ఊపిరి పీల్చుకుంటారు. మాల తీసిన వారానికే మళ్ళీ పర్మిట్ రూమ్‌లో కనపడేవాళ్ళూ బోలెడంతమంది. దీన్ని వేళాకోళంగా చెప్పుకుంటారు గానీ, నాకు ఇందులో పెద్ద పాఠమే కనపడుతుంది. 41 రోజులు ఆగగలిగిన మనిషిని ‘మనసు గట్టిది కాదు’ అని ఎలా అంటాం? ఆ రోజుల్లో అతన్ని నిలబెట్టినవి రెండు: ఒక నియమం, తనలాగే నియమంలో ఉన్న మనుషులు. మాలతో పాటు నియమం పోయింది, శబరిమల నుంచి దిగగానే బృందం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయింది. పైగా ఆ నెలన్నరలో వైన్స్ ఉన్న వీధి వైపే వెళ్ళలేదు కాబట్టి, తాగాలనిపించడాన్ని ఎదురుగా నిలబడి చూసిన అనుభవం కూడా లేదు. మనం నేర్చుకోవాల్సింది సరిగ్గా ఆ మిగిలిపోయిన పనినే, అదీ విడిపోని తోడుతో.

కోరిక ఎలా పుడుతుందో బుద్ధుడు ఒక వరుస చెప్పాడు. ముందు స్పర్శ: కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు వీటిలో ఏదో ఒకదానికి ఏదో తగులుతుంది. దాని వెంటే ఒక అనుభూతి, హాయిగానో బాధగానో ఏదీ కాకుండానో. ఆ అనుభూతి మీద తృష్ణ లేస్తుంది. తృష్ణ గట్టిపడితే పట్టు. మన సాయంత్రాల్లో పెట్టి చూడండి. రోడ్డు పక్కన బండి మీద వేయించిన పల్లీల వాసన, వెనక ట్యూబులైటు వెలుగులో సీసాల వరుస. ఇది స్పర్శ. ఛాతీలో చిన్న వెచ్చదనం, నోట్లో నీళ్ళు. ఇది అనుభూతి. ‘ఒక్క క్వార్టరే కదా’ అన్న మాట ఆ తర్వాత వస్తుంది. ఆ మాట వచ్చాక దానితో వాదించి గెలవడం కష్టం, ఎందుకంటే మన తెలివంతా దాని వైపే పనిచేస్తుంది. మన పని అంతకు ముందే, ఒంట్లో అనుభూతి దగ్గరే మొదలవ్వాలి.

ఎలాగో చూద్దాం. దుకాణం ముందే ఉంటే ముందు కాళ్ళకు పని చెప్పండి, అక్కడినుంచి జరగండి. గుమ్మంలో నిలబడి ధ్యానం చేస్తానంటే అది పంతం. కాస్త దూరంలో బస్టాపో, అరుగో, బండి సీటో, ఏదో ఒకచోట కూర్చోండి. కళ్ళు మూయక్కర్లేదు, చూపు కిందికి దించితే చాలు. ఇప్పుడు ఒంట్లో ఆ కోరిక ఎక్కడుందో వెతకండి. చాలామందికి గొంతులో, నాలుక మొదట్లో, ఛాతీ మధ్యలో, లేదా అరచేతుల్లో దొరుకుతుంది. నోరు పీకుతోందా? పీకడం అంటే నోట్లో ఏ చోట? బిగువా, వేడా, దురదా, ఎండిపోయినట్టా? ఎంత మేర ఉంది, అంచులు తెలుస్తున్నాయా? అక్కడే ఉండి, ఊపిరిని ఆ చోటి గుండా పోనిస్తున్నట్టు గమనించండి. ‘నాకు తాగాలని ఉంది’ అన్న వాక్యం పక్కన ‘గొంతులో బిగువు ఉంది’ అన్న వాక్యం పెట్టుకోండి. రెండోదానితో బతకవచ్చు.

అది పెరగవచ్చు. పెరగనివ్వండి. పెరిగి, ఒకచోట ఆగి, తగ్గుతుంది. చాలామందికి అరగంటలోపే చాలావరకు సద్దుమణుగుతుంది, తర్వాత మళ్ళీ రావచ్చు కూడా. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీన్ని అల మీద తేలడంతో పోల్చాడు. అలను చేత్తో ఆపలేం, దానికింద మునిగిపోనూ అక్కర్లేదు, ఊపిరిని గమనించడమే ఆసరాగా చేసుకుని అది విరిగేదాకా పైన ఉంటే చాలు.

కొత్తవాళ్ళు ఇక్కడ ఒక చిక్కులో పడతారు. రెండు నిమిషాలు చూసి ‘పోయిందా?’ అని అడుగుతారు. ఇంకో నిమిషానికి మళ్ళీ ‘పోయిందా?’. పోగొట్టడం కోసం చూస్తే అది కుస్తీ అవుతుంది, కుస్తీలో ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. ఎలా ఉందో చెప్పమని ఎవరో అడిగితే వర్ణించడానికి చూస్తున్నట్టు చూడండి. నిజంగానే ఎవరైనా అడిగితే ఇంకా మంచిది, ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

ఇది పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకు: చికిత్స మొదటి దశ పూర్తి చేసుకున్న 286 మందితో మార్లాట్ శిష్యురాలు సారా బోవెన్ బృందం చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. ధ్యానంతో కూడిన ఎనిమిది వారాల శిక్షణ పొందినవాళ్ళు, ఏడాది తిరిగేసరికి, ధ్యానం లేని శిక్షణ పొందినవాళ్ళకంటే, మామూలు సాయం అందుకున్నవాళ్ళకంటే మత్తు వాడిన రోజులు తక్కువ. ఆరు నెలల దగ్గర మాత్రం మామూలు సాయం కంటే మెరుగే గానీ, ధ్యానం లేని శిక్షణతో పోలిస్తే అంత తేడా లేదు. నాకైతే ఈ రెండో సంగతే ఎక్కువ నచ్చింది. వంట చేయడం నేర్చుకున్నట్టు ఇది చేతికి రావడానికి కాలం పడుతుంది, కాబట్టి మొదటి నెలలో ‘నాకు ఇది పడదు’ అని తేల్చేయకండి.

ఇప్పుడు తోడు సంగతి. మంచి స్నేహం అంటే ధర్మమార్గంలో సగం కదా అని శిష్యుడు ఆనందుడు అంటే, అలా అనకు ఆనందా, మొత్తం అదే అన్నాడు బుద్ధుడు. ఆ మాట తాగుడు మానేవాళ్ళ విషయంలో ఎంత నిజమో 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో కనపడింది. బిల్ అనే స్టాక్ వ్యాపారి, మానేసి కొన్ని నెలలే అయింది, వచ్చిన పని చెడిపోయి హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బార్, లోపల నవ్వులు. ఇంకో పక్క ఫోన్, దాని దగ్గర ఊళ్ళోని చర్చిల జాబితా. ఫోన్ దగ్గరికే వెళ్ళాడు. ‘నన్ను కాపాడండి’ అనలేదు, నేను మాట్లాడటానికి ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా దొరికినవాడు బాబ్ అనే సర్జన్. పావుగంట కంటే ఎక్కువ కూర్చోనని షరతు పెట్టి వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్, మనవాళ్ళు ఏఏ అనే సంస్థ, అక్కడ పుట్టింది.

ఏఏ పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది, పదకొండో మెట్టు ప్రార్థన, ధ్యానం. దేవుణ్ణి పక్కనపెట్టి బుద్ధుడి నాలుగు సత్యాలు, అష్టాంగ మార్గం ఆధారంగా నడిచే బృందాలు తర్వాత వచ్చాయి. 2019లో అమెరికాలో మొదలైన రికవరీ ధర్మ వాటిలో ఒకటి. దాంట్లో గురువు లేడు. అందరూ మానేస్తున్నవాళ్ళే, మీటింగు నడిపే పని వంతులవారీగా తీసుకుంటారు. కాసేపు చదవడం, కాసేపు మౌనంగా కూర్చోవడం, తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెప్పుకోవడం. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు సలహా ఇవ్వరు. మన వాళ్ళకు ఈ చివరి నియమం మింగుడు పడదు, నలుగురు చేరితే మనకు సలహా ఇవ్వకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలుసు. ఇంట్లో పూజ చేసుకునేవాళ్ళు పూజ మానక్కర్లేదు, ఏఏకి వెళ్ళేవాళ్ళు ఏఏ మానక్కర్లేదు.

మీ ఊళ్ళో అలాంటి బృందం లేకపోతే జంటగా మొదలుపెట్టండి. తాగి మానిన, లేదా మానుతున్న ఇంకొకరు చాలు. ఆడవాళ్ళైతే ఆడవాళ్ళతోనే జంట కట్టడం మంచిది. మందయినా నిద్రమాత్రలయినా, మగవాళ్ళ మధ్య కూర్చుని చెప్పుకునే వీలు మన దగ్గర వాళ్ళకు తక్కువ. భార్యాభర్తలు జంట కావద్దు. భార్యకు ఆ ఫోన్ వస్తే ఆమె గుండె దడే ముందు వినిపిస్తుంది, మీ మాట తర్వాత.

ఫోన్‌లో చెప్పాల్సినవి కొద్దే: ఎక్కడున్నాను, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది, కోరిక బలం పదికి ఎంత. ఇలా:

“అన్నా, బస్టాండు దగ్గరున్నా.”

“ఆఁ, చెప్పు తమ్ముడూ.”

“గొంతు పట్టేసింది. చేతులు చెమటలు. పదికి ఎనిమిది.”

“నిలబడ్డావా?”

“ఊఁ.”

“ఏదైనా బెంచీ చూసి కూర్చో. ఫోన్ పెట్టేయకు. గొంతులో ఏ చోట?”

“కింద... గుటక పడే దగ్గర.”

“సరే, అక్కడే చూస్తుండు. లైన్లోనే ఉంటా.”

(చాలాసేపు బస్సుల హారన్లు.)

“అన్నా, ఉన్నావా?”

“ఉన్నా.”

“ఆరు ఉంటుందేమో ఇప్పుడు.”

అవతలి మనిషి ‘పిల్లల్ని గుర్తుచేసుకో’ అనలేదు, ‘ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడేంటి’ అనలేదు. అడిగిందల్లా ఎక్కడ అని. పైన చెప్పిన సాధనే అది, ఇద్దరు కలిసి చేశారు. వినేవాడికీ ఆ పది నిమిషాలు సాధనే, బిల్ ఆ రోజు ఫోన్ ఎత్తింది కూడా అందుకే.

ఈ వారం చేయాల్సినవి. రోజూ పదిహేను నిమిషాలు కూర్చోండి, మధ్యలో చిన్న చిన్న కోరికల మీద చేయి తిప్పుకోండి. దోమ కుట్టిన చోట గోకాలనిపిస్తే మూడు ఊపిర్లు ఆగి చూడండి. రెండో టీ, చేతికి అందేంత దూరంలో ఉన్న ఫోన్, ఇవన్నీ పనికొస్తాయి. పెద్దది వచ్చిన రోజున కొత్తగా నేర్చుకోవడానికి తీరిక ఉండదు.

జంటకు రోజూ ఒక వేళ అనుకుని ఫోన్ చేయండి, ఏమీ లేకపోయినా. ‘ఇవాళ పదికి రెండు, సీరియల్ చూస్తున్నా’ అని చెప్పి పెట్టేసినా చాలు. రోజూ మాట్లాడే నంబరుకే చెయ్యి చెడ్డ రోజున వెళుతుంది. మొహమాటం మన దగ్గర పెద్ద అడ్డంకి, ‘ఈ వేళప్పుడు ఆయన్ని లేపడమెందుకులే’ అనుకుని తాగినవాళ్ళు ఎందరో. కాబట్టి రాత్రి ఎన్నింటిదాకా చేయవచ్చో ముందే మాట్లాడుకోండి. ఆ వేళ దాటితే చేయడానికి రెండో మనిషి పేరు కూడా రాసుకోండి.

కోరిక వచ్చిన ప్రతిసారీ ఒక కాగితం మీద వేళ, చోటు, ఒంట్లో ఎక్కడ, పదికి ఎంత అని రాయండి. తాగితే అదీ రాయండి, ఆ రాత్రే జంటకు చెప్పండి, తెల్లారాక కాదు. తప్పిన మర్నాడు ఏం చేయాలన్నది 5వ పాఠం, దానికి ఈ కాగితం కావాలి.