పిప్ ఒక్కటే అడిగితే ఇన్ని ప్యాకేజీలెందుకు దిగుతున్నాయి?

విశాఖ మద్దిలపాలెంలో రూమ్, ఫోన్ హాట్‌స్పాట్, ఆ రోజు డేటా అయిపోవస్తోంది. ఉబుంటులో పిప్ (పైథాన్ ప్యాకేజీలు దింపి పెట్టే టూల్) పెడదామని కూర్చుంటే సీ కంపైలర్, మేక్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా కట్టే టూల్), పైథాన్ డెవలప్‌మెంట్ ఫైళ్లు అంటూ ఆప్ట్ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే కమాండ్) చాంతాడంత లిస్టు చూపించి, కానివ్వనా అంటోంది. ఇదీ సమస్య.

కారణం: వైరస్ కాదు, కంగారు పడకండి. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల చుట్టరికాల్లో ముఖ్యమైనవి మూడు. డిపెండ్స్ లేకపోతే ఇన్‌స్టాలే అవదు. రికమెండ్స్ దాదాపు అందరికీ పనికొస్తాయి. సజెస్ట్స్ ఉన్నా లేకపోయినా ఒకటే. మొదటి రెండింటినీ ఆప్ట్ అడక్కుండానే తెచ్చేస్తుంది, ఉబుంటులో 2008లో వచ్చిన 8.10 నుంచీ ఇదే పద్ధతి. బీచ్‌లో మూరీ మిక్చర్ బండాయన ఉల్లిపాయ వేయమంటారా అని అడగడు, వద్దనుకుంటే మనమే ముందు చెప్పాలి.

పరిష్కారం: కమాండ్‌లో రెండు గీతల తర్వాత నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అని కలపండి. వదిలేసినవాటి పేర్లు విడిగా చూపిస్తుంది, ఆ లైను చదవండి. కంపైలర్ లేకపోతే సీ కోడ్‌తో బిల్డ్ చేయాల్సిన పైథాన్ ప్యాకేజీలు మొరాయిస్తాయి మరి.

నేను అక్కడితో ఆగలేదు. ఆప్ట్ సెట్టింగుల ఫైల్లోనే రికమెండ్స్ శాశ్వతంగా ఆపేసి, అదే ఫైలు డాకర్‌లోని (ప్రోగ్రామ్‌లని విడి డబ్బాల్లో నడిపే టూల్) డెబియన్ ఇమేజ్‌లోకీ, అంటే ఆ డబ్బాకి మూసలోకీ, కాపీ చేసి మర్చిపోయాను. కొన్ని నెలలకి ఆ ఇమేజ్‌లో గిట్ క్లోన్ (నెట్‌లోని కోడ్‌ని మన దగ్గరికి కాపీ చేసే కమాండ్) కొడితే సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఫెయిల్డ్! సిస్టమ్ గడియారం తప్పుందేమోనని చూశా, సిమ్ మార్చా, హాట్‌స్పాట్‌ని తిట్టుకున్నా. చివరికి చూస్తే సీఏ-సర్టిఫికెట్స్ అనే ప్యాకేజీయే (ఏ సైటు సర్టిఫికెట్‌ని నమ్మాలో తేల్చే జాబితా) లేదు, అది గిట్‌కి రికమెండ్స్ మాత్రమే. అది పెట్టగానే క్లోన్ అయింది. ఎస్‌ఎస్‌ఎల్ చెకింగే, అంటే ఆ సర్టిఫికెట్ పరీక్షే, ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి, తాళం పడలేదని తలుపు పీకేయడమే అది.

అందుకే ఆ ఫైల్లో లైను తీసేశా. ఇమేజ్‌లు కట్టేటప్పుడు మాత్రం, ఏం వదులుతున్నానో చూసుకుని, కమాండ్‌లోనే చెప్తున్నా.

ఇప్పటికే అన్నీ దిగిపోయాయా? ఆటోరిమూవ్ (ఎవరికీ అక్కర్లేని ప్యాకేజీలని తీసేసే ఆప్ట్ కమాండ్) కొట్టినా కదలవు, వాటిని రికమెండ్ చేసిన పిప్ ఇంకా ఉంది కదా. బిల్డ్-ఎసెన్షియల్ (కంపైలర్, మేక్‌లని తెచ్చేది), పైథాన్3-డెవ్ (పైథాన్ డెవలప్‌మెంట్ ఫైళ్లు) రెండింటినీ పేరు పెట్టి రిమూవ్ చేసి, అప్పుడు ఆటోరిమూవ్ కొట్టండి. తీసేవాటి లిస్టు చూపిస్తుంది, చూశాకే వై నొక్కండి.