లాక్ పిక్ సాన పట్టేముందు ఈ జాగ్రత్తలు

తాళం ఎలా తెరుచుకుంటుందో నేర్చుకోవాలనే సరదా ఉన్నవాళ్లు ముందుగా పాత హాక్సా బ్లేడు తీసుకుని, గ్రైండర్ మీద పిక్ (తాళంచెవి లేకుండా తాళం తీసే సన్నని కడ్డీ) చేసుకోవాలని చూస్తారు. చేసుకోండి, మంచి పనే. కానీ గాయాలయ్యేది తాళం దగ్గర కాదు, సాన దగ్గర.

గ్రైండర్ స్విచ్ వేసే ముందు రాయిని చూడండి. విప్పి, రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా శబ్దం వస్తే బీట ఉన్నట్టే, ఆ రాయి వాడొద్దు. రాయికీ, బ్లేడు ఆనించడానికి దాని ముందుండే పట్టీకీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మన బ్లేడు మందం 0.6 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. సందు పెద్దదైతే బ్లేడును లోపలికి లాగేస్తుంది, దాంతోపాటు వేళ్లూ పోతాయి. కళ్లద్దాలు చాలవు, పక్కలు మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. గుడ్డ గ్లౌజులు, చున్నీ, భుజం మీద తువ్వాలు తిరిగే రాయి దగ్గర వద్దే వద్దు. ముందు బ్లేడు పళ్లన్నీ అరగదీసేయండి.

ఇక అసలు టెన్షన్ వేడితో. మామూలు కార్బన్ స్టీలు బ్లేడును రాయికి ఆనించి పట్టుకుంటే అంచు మీద ముందు గడ్డిరంగు వస్తుంది, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. నీలం వచ్చిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. నా మొదటి పిక్ అలాగే పాడైంది. చూడ్డానికి బాగానే ఉంది, తాళం లోపల పైకెత్తాల్సిన చిన్న పిన్నుల్లో మూడోదాన్ని ఎత్తగానే కొన వంగిపోయింది. అందుకే పక్కనే నీళ్ల గిన్నె పెట్టుకుని, ఒక్కసారి తాకించి ముంచండి. వేలికి వెచ్చగా తగిలితే చాలు, ముంచేయాలి. ఎర్రగా కాలాక మాత్రం ముంచకండి, అప్పుడది గాజులా పెళుసవుతుంది. హై స్పీడ్ స్టీలు బ్లేడు రంగు మారినా అంత త్వరగా మెత్తబడదు, కానీ వంచితే ఫట్‌మని ముక్కలై ఎగురుతుంది. విరగ్గొట్టాల్సి వస్తే మందపాటి గుడ్డలో చుట్టి విరవండి.

కొన దగ్గర మరీ సన్నంగా తీయొద్దు. మెడ సన్నబడిన చోటే విరుగుతుంది, ఆ ముక్క తాళంలోనే ఉండిపోతుంది. చివర్లో 400, ఆ తర్వాత 600 నంబరు ఎమరీ కాగితంతో అంచులన్నీ నున్నగా రుద్దండి. లోపలి పిన్నులు ఎక్కువగా ఇత్తడివి, గరుకు అంచు వాటిని గీరేస్తుంది.

సాధన కోసం పాత సామాను కొట్లో ఒక తాళంకప్ప కొనుక్కోండి. ఇంటి తలుపు తాళం మీద మాత్రం ప్రయత్నించకండి. కొన లోపల విరిగితే రాత్రంతా గడప బయటే. ఎదుటివాళ్ల తాళాన్ని వాళ్లు అడిగితే తప్ప ముట్టుకోవద్దు. పిక్‌లు జేబులో వేసుకుని రాత్రిపూట తిరిగితే, పోలీసులు ఆపినప్పుడు సరదా అని చెప్పినా నమ్మడం కష్టం. ఇంట్లోనే, పిల్లలకు అందకుండా ఒక డబ్బాలో పెట్టుకోండి.