రాగి శుద్ధిలో బంగారం జాడ పట్టడం ఎలా

ప్రొద్దుటూరు అంగళ్లలో పాత బంగారాన్ని శుద్ధి చేయడం చూసినవారికి ఈ విషయం సగం తెలిసినట్టే. కంసాలి పాత నగకు మూడింతల వెండి కలిపి కరిగించి, రేకుగా సాగగొట్టి నైట్రిక్ యాసిడ్‌లో కాచినప్పుడు వెండి, రాగి కరిగిపోయి, బంగారం గిన్నె అడుగున గోధుమరంగు పొడిగా మిగులుతుంది. మెరుపు లేని ఆ పొడిని కొత్తవారు మట్టి అనుకుంటారు. రాగి శుద్ధిలోనూ ఆధారం ఇదే, కాకపోతే అక్కడ ఆమ్లానికి కరెంటు తోడవుతుంది.

లెక్క కొలిమి దగ్గరే మొదలుపెట్టాలి. ఖనిజంలోని బంగారం చిట్టెంలోకి, అంటే కరిగించినప్పుడు పైకి తేలే మలినంలోకి, పోకుండా దాదాపు అంతా రాగినే అంటిపెట్టుకుని ఉంటుంది కనుక, రాగిని పలకలుగా పోసేటప్పుడే నమూనా తీసి టన్నుకు ఎన్ని గ్రాములుందో పరీక్షించి రాసుకోవాలి.

ఆ పలకలను ధనధ్రువాలుగా, అంటే కరెంటు పాజిటివ్ కొసకు కలిపి, కాపర్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన సుమారు 60 డిగ్రీల ద్రావణంలో వేలాడదీస్తారు. తొట్టిలో వోల్టేజి అర వోల్టు లోపే ఉంటుంది. అది రాగిని కరిగించి ఎదుటి పలక (రుణధ్రువం) మీద పేర్చడానికి సరిపోతుంది గాని, బంగారాన్ని కదిలించలేదు. నికెల్, ఆర్సెనిక్ ద్రావణంలో ఉండిపోగా, బంగారం వెండి, సెలీనియం, టెల్లూరియంలతో కలిసి నల్లటి బురదగా అడుగుకు దిగుతుంది. ద్రావణాన్ని కలచరాదు, తేలిన బురద రేణువు శుద్ధమైన రాగి పలకకు అంటుకుంటే ఆ బంగారం రాగి ధరకే అమ్ముడుపోతుంది.

ఉదాహరణకు, టన్ను పలకలలో 20 గ్రాముల బంగారం, అంటే కాసు ఎనిమిది గ్రాముల లెక్కన రెండున్నర కాసులు ఉండి, ఎండిన బురద 5 కిలోలు వచ్చిందనుకుందాం. కిలో బురదలో 4 గ్రాములు తేలాలి. అంతకంటే బాగా తగ్గితే, బురద తీసిన విధానాన్నీ, ఎదుటి పలకలనూ పరీక్షించాలి.

తరువాత బురదలోని రాగిని ఆమ్లంతో తొలగించి, కాల్చి సెలీనియాన్ని పోగొట్టి, మిగిలినదాన్ని వెండి బంగారాల మిశ్రమంగా కరిగిస్తారు. ఆ దిమ్మెలను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో మళ్లీ కరెంటుకు పెడితే వెండి వెళ్లిపోయి, ధనధ్రువానికి తొడిగిన గుడ్డసంచిలో బంగారం నిలుస్తుంది. సెలీనియం పొగ విషపూరితం కనుక ఇది ఇంటి పెరట్లో చేయదగిన పని కాదు.

పాత కరెంటు తీగల్లో బంగారం దొరుకుతుందా అని పాత సామాన్ల వ్యాపారులు తరచూ అడిగే సంగతికి వస్తే, ఆ రాగి ఈ తొట్టి దాటి వచ్చినదే. అందులోని బంగారం ఎప్పుడో బురదలోకి దిగిపోయింది.