తుప్పు పట్టిన ఇనప పెనాన్ని పాత సామాన్లకు వేసేయకండి

అటక మీంచి దించిన దోసె పెనం ఎర్రగా తుప్పు పట్టి ఉందా? పగుళ్లు, చిల్లులు లేకపోతే చాలు, నిక్షేపంగా బాగుచేసుకోవచ్చు.

ముందు తుప్పు సంగతి. ఇనుముకి గాలిలోని ఆక్సిజనూ తడీ రెండూ తగిలితేనే అది పడుతుంది, ఉప్పు కూడా తోడైతే ఇంకా తొందరగా (సముద్రం ఒడ్డు ఊళ్లలో కిటికీ ఊచల గతి చూశారుగా). అల్యూమినియం మీద కూడా ఆక్సైడ్ పొర వస్తుంది గానీ అది గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది, ఇనుము తుప్పేమో పెచ్చులుగా రాలిపోయి కిందున్న ఇనుముని మళ్లీ గాలికి వదిలేస్తుంది. అందుకే తుప్పు వదిలించి ఊరుకుంటే లాభం లేదు, పైన పూత మనమే వేయాలి.

చింతపండు గుజ్జులో రాళ్ల ఉప్పు కలిపి పెనమంతా పట్టించి, పావుగంటాగి స్టీలు పీచుతో గట్టిగా రుద్దండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పుని కరిగిస్తుంది. అలాగని రాత్రంతా నానబెట్టకండి, తుప్పు అయిపోయాక ఆ పులుపు ఇనుముని కూడా తినేస్తుంది. కడగగానే తుడిచి పొయ్యి మీద పెట్టేయండి, కాసేపు తడిగా వదిలినా నారింజ రంగు మచ్చలు మళ్లీ హాజరు.

ఇప్పుడు సీజనింగ్, అంటే నూనెతో ఆ పూత వేయడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నూనె ఎక్కువ పోసేస్తారు. గోరువెచ్చటి పెనానికి కాస్త నూనె రాసి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచేయాలి, అసలు నూనె ఉందా అని అనుమానం వచ్చేంత పలచగా. తర్వాత కిటికీలు తెరిచి, సన్నగా పొగ వచ్చేదాకా వేడి చేసి చల్లార్చండి. పెనానికేమవుతుందో అని టెన్షన్ పడక్కర్లేదు, ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. పొగ వచ్చే వేడికి నూనె అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టి పొరగా మారతాయి. మూడు నాలుగుసార్లు చేస్తే గోధుమ రంగు నల్లబడుతుంది. ముట్టుకుంటే జిగురుగా ఉందంటే నూనె ఎక్కువైనట్టే, రుద్ది మళ్లీ మొదలుపెట్టండి.

పోత ఇనుము పెనమైతే ఇంకో జాగ్రత్త: దాంట్లో కార్బన్ సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది, అందుకే పెళుసు. కాలుతున్న పెనం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. మొదటి వారం దోసెలు, ఆమ్లెట్లతో సరిపెట్టుకోండి. టమాటా కూర, పులుసు లాంటివి మాత్రం స్టీలు గిన్నెలోనే చేసుకోండి, పులుపుకి పూత ఊడిపోతుంది, కూర నల్లబడి ఇనుము రుచి కొడుతుంది.