స్పిన్‌కీ శక్తికీ లంకె హీలియంలో పట్టుకోవడం ఎలా

ముందు కాగితం మీద హీలియం హామిల్టోనియన్ (పరమాణువు మొత్తం శక్తిని చెప్పే గణిత రూపం) రాయండి: రెండు ఎలక్ట్రాన్ల గతిశక్తి, కేంద్రకం ఆకర్షణ, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ. అందులో స్పిన్ (ఎలక్ట్రాన్‌కి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) ఎక్కడుందో వెతకండి. ఎక్కడా లేదు! అయినా ఒక ఎలక్ట్రాన్ 1ఎస్ ఆర్బిటాల్‌లో, ఇంకొకటి 2ఎస్‌లో ఉండే ఉత్తేజిత స్థితిలో ట్రిప్లెట్ (స్పిన్‌లు ఒకే దిక్కుగా ఉన్నది), సింగ్లెట్ (స్పిన్‌లు ఎదురెదురుగా ఉన్నది) కన్నా దాదాపు 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు కిందుంటుంది. స్పిన్‌లు చిన్న అయస్కాంతాల్లా ఒకదాన్నొకటి లాక్కోవడం వల్లే అనుకుంటారు చాలామంది, కానీ ఆ బలం ఇంత తేడాకి ఏ మూలకీ చాలదు.

అసలు కిటుకు పౌలీ నియమంలో ఉంది. రెండు ఎలక్ట్రాన్లను తారుమారు చేస్తే మొత్తం తరంగ ప్రమేయం గుర్తు మారాలి. ట్రిప్లెట్‌లో స్పిన్ భాగం మారదు కాబట్టి ఆ పని స్థాన భాగమే చేయాలి, అంటే 1ఎస్(1)2ఎస్(2) లోంచి 2ఎస్(1)1ఎస్(2) తీసేయాలి (బ్రాకెట్లో ఉన్నది ఎలక్ట్రాన్ నంబరు). రెండు ఎలక్ట్రాన్లనీ ఒకే చోట పెట్టి లెక్క కట్టండి, సున్నా వస్తుంది. దీన్ని మాత్రం చూసి వదిలేయకుండా చేత్తో చేయండి. సింగ్లెట్‌లో అదే కూడిక. ఇక వికర్షణ సగటు తీస్తే సింగ్లెట్‌కి జె+కె, ట్రిప్లెట్‌కి జె−కె, తేడా 2కె. ఇక్కడ జె అంటే రెండు ఎలక్ట్రాన్ మేఘాల మధ్య మామూలు వికర్షణ, కె అంటే తారుమారు వల్ల వచ్చే మార్పిడి పదం.

ఇదంతా అయ్యాకే −2కె ఎస్1·ఎస్2 అనే స్పిన్ ఆపరేటర్ (ఎస్1, ఎస్2 అంటే రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు) జోలికి వెళ్ళండి: ఎస్1·ఎస్2 విలువ ట్రిప్లెట్‌లో 1/4, సింగ్లెట్‌లో −3/4, తేడా మళ్ళీ అదే 2కె.